ఎంప్రెస్ వస్తే కడుపు పండినట్టేనా?

(శ్రీకాకుళంలో టారో, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పే విద్య, నేర్చుకుంటున్నవాళ్ళూ, ఊరికే విందామని వచ్చినవాళ్ళూ కలిసిన ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే కార్డు తీయమంటానేమోనని భయపడకండి. ఇవాళ ఎవరికీ రీడింగ్ చెప్పడం లేదు.

సంతానం గురించి, గర్భం గురించి అడిగినప్పుడు టారో కార్డుల్ని ఎలా చదవాలో చెప్పమన్నారు. పెళ్ళి సంబంధం, ఉద్యోగం, వీసా, భూమి తగాదా, వీటన్నిటికన్నా ఈ ప్రశ్న దగ్గరే కార్డు చెప్పేవాళ్ళ నోరు ఎక్కువ జారుతుంది. ఎందుకో మీకు తెలుసు. పెళ్ళయి ఆరు నెలలు తిరక్కుండానే మన దగ్గర ‘ఏమైనా విశేషమా?’ అని మొదలుపెడతారు. పేరంటంలో అడుగుతారు, బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది, కూరగాయలమ్మే ఆవిడా అడుగుతుంది. ఇంకో ఏడాది గడిచాక ఆ ముచ్చట పోయి ‘ఏటమ్మా, ఇంకా ఏటీ నేదా?’ అనే నిలదీత వస్తుంది. ఆ మాట పడీపడీ విసిగిన మనిషి మీ ఎదురుగా కూర్చుని, కార్డులు కలిపి, ఒకటి తీసి మీ ముందు పెడుతుంది. అది ఎంప్రెస్, మహారాణి బొమ్మ ఉన్న కార్డు. ఇప్పుడు మీరేమంటారు?

చాలామంది ఏమంటారో నాకు తెలుసు. ‘శుభం తల్లీ, మూడు నెలల్లో నీళ్ళోసుకుంటావు’ అంటారు. అలా అనకూడదని చెప్పడానికే నేను వచ్చాను. అనకుండా మరేం చెప్పాలి అన్నది కూడా చెబుతాను, లేకపోతే నా మాట సగమే అవుతుంది.

ముందు ఆ కార్డుని కళ్ళారా చూద్దాం. పెద్ద బొమ్మ తెచ్చాను, వెనకవాళ్ళకి కనబడుతోందా? మెత్తటి దిళ్ళ మీద వాలి కూర్చున్న స్త్రీ. తల మీద పన్నెండు నక్షత్రాల కిరీటం, మెడలో ముత్యాల పేట. ఒంటి మీద వదులైన గౌను, దాని నిండా దానిమ్మ పళ్ళ బొమ్మలు. కాళ్ళ ముందు కోతకొచ్చిన గోధుమ చేను. వెనక దట్టంగా చెట్లు, వాటి మధ్య నుంచి జారుతున్న నీళ్ళు. ఆసనం పక్కనే హృదయం ఆకారంలో ఒక డాలు, దాని మీద శుక్రుడి గుర్తు. పంట, పండు, నీరు, శుక్రుడు. ఇన్ని పెట్టాక ఎవరికైనా తల్లే గుర్తొస్తుంది. ఈ డెక్‌కి, అంటే ఈ కార్డుల కట్టకి, రూపకల్పన చేసిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కూడా తన పుస్తకంలో దీన్ని ఫలసమృద్ధి కార్డుగానే చెప్పాడు. గౌను వదులుగా ఉంది కాబట్టి ఆవిడ గర్భిణి అని కొందరంటారు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ గౌను కింద ఏముందో బొమ్మలో లేదు.

ఈ బొమ్మలు గీసినావిడ పేరు పమేలా కోల్మన్ స్మిత్. 1909లో లండన్‌లో రైడర్ అనే ప్రచురణ సంస్థ ఈ డెక్ తెచ్చింది. 78 కార్డులకీ బొమ్మలు గీసిన మనిషి చేతికి వచ్చింది కొద్ది డబ్బే. ఆవిడ 1951లో పేదరికంలోనే పోయింది. డెక్‌కి మాత్రం చాలాకాలం రైడర్ పేరూ వెయిట్ పేరూ ఉన్నాయి, ఆవిడ పేరు లేదు. టారో చెప్పుకుని బతికేవాళ్ళం కనీసం ఆ పేరు ఒకసారి తలుచుకోవాలి కదా అని ఈ మాట అన్నాను, ఇవాళ్టి అంశానికి దీనితో పెద్ద పని లేదు.

పని ఉన్న సంగతి ఇంకొకటుంది. ‘ఇది మూడు వేల ఏళ్ళ నాటి ఈజిప్టు విద్య, తప్పదు’ అని కొందరు గట్టిగా చెప్పి డబ్బులు తీసుకుంటారు. టారో పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. దొరలూ దొరసానులూ కూర్చుని ఆడుకున్న ఆట. 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇది ఈజిప్టు వాళ్ళ రహస్య గ్రంథం అని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగినవాడు భూమ్మీద ఒక్కడూ లేడు. షాంపోలియన్ అనే పండితుడు దాన్ని విప్పింది 1822లో. అంటే చదవలేని భాష మీద కట్టిన కథ అది. కార్డులతో జోస్యం చెప్పడం ఊపందుకున్నది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి ‘కార్డు చెప్పింది కాబట్టి జరిగి తీరుతుంది’ అనడానికి మనకి ఏ ప్రాచీన అధికారమూ లేదు. మన సంతల్లో చిలక జోస్యం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. చిలక ముక్కుతో కార్డు తీస్తుంది, ఆ కార్డులోని దేవుడి బొమ్మ చూపించి జోస్యుడు మాట్లాడతాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఎంత బాగా చదివాడన్నదే ఆయన విద్య. మనదీ అంతే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. లెక్కంటే లేచి వెళ్ళిపోకండి.

78 కార్డుల్లో మూడు తీస్తే అందులో ఎంప్రెస్ ఉండే అవకాశం 26లో ఒకటి. తక్కువే. అయితే ఎవరూ ఎంప్రెస్ ఒక్కదాన్నే సంతానం కార్డు అనరు. ఏస్ ఆఫ్ కప్స్ కూడా అంటారు. (పేకలోలాగే ఇందులోనూ నాలుగు జాతులు: కప్స్ అంటే గిన్నెలు, వాండ్స్ అంటే కర్రలు, పెంటకిల్స్ అంటే నాణేలు, స్వోర్డ్స్ అంటే కత్తులు.) చిన్న పిల్లాడున్న సన్ అంటారు. పేజ్ ఆఫ్ కప్స్, సిక్స్ ఆఫ్ కప్స్, టెన్ ఆఫ్ కప్స్, కాళ్ళ దగ్గర కుందేలున్న క్వీన్ ఆఫ్ పెంటకిల్స్, చిగురేసిన కర్ర ఉన్న ఏస్ ఆఫ్ వాండ్స్, స్టార్, జడ్జిమెంట్. ఎంప్రెస్‌తో కలిపి పది అయ్యాయి. ఈ పదిలో ఒక్కటైనా మూడు కార్డుల్లో వచ్చే అవకాశం ఎంతో తెలుసా? నూటికి 34. మూడు రీడింగుల్లో ఒకదానికి ‘శుభవార్త’ తయారు. అదే పది కార్డులు పరిచే కెల్టిక్ క్రాస్ పద్ధతిలో వేశారనుకోండి, నూటికి 77 అవుతుంది. కార్డులు బాగా కలిపి ఎవరు తీసినా ఇదే లెక్క. మగపిల్లాడు తీసినా, డెబ్భై ఏళ్ళ మామ్మగారు తీసినా ఇంతే. నమ్మకం లేకపోతే ఇంటికెళ్ళి తీసి చూసుకోండి.

(సభలోంచి ఒకరు: అయితే కార్డులు దండగేనా మేడమ్?)

దండగైతే నేనిక్కడికి ఎందుకొస్తాను బాబూ. కడుపులో ఏముందో కార్డుకి తెలీదు. దానికి మూత్రపరీక్ష ఉంది, రక్తపరీక్ష ఉంది, స్కాన్ ఉంది. నెల తప్పిన మర్నాడు మందుల షాపులో కిట్ కొనుక్కుంటే తేలిపోయే సంగతికి 78 కార్డులు ఎందుకు? కానీ ఆ కిట్ కొనడానికి భయపడి బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడిపోయిన మనిషి ఉంటుంది చూడండి, ఆవిడ మనసులో ఏముందో కిట్‌కి తెలీదు. ఆవిడకి కార్డు ఒక మాట అందిస్తుంది. ఎవరితోనూ అనలేని సంగతి ఒక బొమ్మని చూపించి అనగలుగుతుంది. టారో పనికొచ్చేది అక్కడే.

అందుకని నేను చేసే మొదటి పని ప్రశ్న మార్చడం. ‘నాకు పిల్లలు పుడతారా?’ అని వస్తుంది. ఈ ప్రశ్నకి నేను కార్డు తీయను. ‘ఎప్పుడు?’ అన్నా తీయను. వాండ్స్ అయితే రోజులు, కప్స్ అయితే వారాలు, పెంటకిల్స్ అయితే ఏళ్ళు అని పుస్తకాల్లో ఏవేవో ఉంటాయి, ఒక పుస్తకానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు, వదిలేయండి. దాని బదులు ఇలా అడగమంటాను: ‘ఈ ఎదురుచూపులో నన్ను ఎక్కువ నలిపేస్తున్నది ఏది?’, ‘నా చేతిలో ఉన్నది ఏది?’, ‘ఎవరి సాయం అడగాలి?’ ఈ మూడిటికీ మూడు కార్డులు. చాలు. పది కార్డులు పరిస్తే పది రకాల టెన్షన్లు.

ఊరూ, మనిషి గుర్తులూ మార్చి ఒక రీడింగ్ సంగతి చెబుతాను. సముద్రం ఒడ్డు గ్రామం నుంచి అత్తా కోడళ్ళు వచ్చారు. అడిగింది అత్తగారు. ‘మూడేళ్ళయిపోనాది బాబూ పెళ్ళయి. ఏటి దోషమో సెప్పండి’ అంది. కోడలు తల ఎత్తలేదు. అత్తగారికి టీ తెప్పించి బయట వరండాలో కూర్చోబెట్టాను. ఇది నా నియమం. ప్రశ్న ఎవరి ఒంటి గురించో వాళ్ళు ఒంటరిగా కూర్చోవాలి. ఎవరు డబ్బులిచ్చారన్నది తర్వాత సంగతి.

ఆ అమ్మాయి మొదట తీసింది ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్. చుట్టూ ఎనిమిది కత్తులు పాతి ఉంటాయి, మధ్యలో కళ్ళకి గంతలు కట్టిన స్త్రీ, ఒంటికి తాళ్ళు. కాళ్ళ కింద బురద నీళ్ళు. నేను అర్థం చెప్పలేదు. ‘ఈ బొమ్మలో నీకేం కనబడుతోందమ్మా?’ అన్నాను. కాసేపు చూసి, ‘కాళ్ళకి కట్టనేదు’ అంది. నిజమే, ఆ బొమ్మలో తాళ్ళు చేతులకీ ఒంటికీ ఉంటాయి, కాళ్ళు విడిగానే ఉంటాయి. పుస్తకాలు చదివి నేర్చుకున్నవాళ్ళు చాలామందికి అది కంటబడదు.

రెండో కార్డు టూ ఆఫ్ వాండ్స్. కోట గోడ మీద నిలబడి, చేతిలో భూగోళం పట్టుకుని సముద్రం కేసి చూస్తున్న మనిషి. అది చూడగానే ‘మా ఆయన’ అంది. అప్పుడు బయటికొచ్చింది అసలు కథ. భర్త గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద వేటకి వెళ్తాడు. వానాకాలానికి ముందు అక్కడ వేట ఆపేసినప్పుడు ఇంటికొస్తాడు, మళ్ళీ సీజన్ మొదలయ్యేసరికి వెళ్ళిపోతాడు. మన జిల్లా తీరంలో ఇది ఎన్ని ఇళ్ళ కథో మీకు నేను చెప్పక్కర్లేదు. వేరావల్ కాకపోతే చెన్నై, హైదరాబాద్, గల్ఫ్. అంటే పెళ్ళయి మూడేళ్ళు, కలిసి ఉన్నది అన్నీ కలిపి కొన్ని నెలలు. ఆ నెలల్లో కూడా గర్భం నిలిచే అవకాశం ప్రతి రోజూ ఉండదు. అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు ఐదు రోజులూ మాత్రమే ఉంటుంది. ఈ అమ్మాయికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందరూ మూడేళ్ళ లెక్కే చెప్పారు, దోషం అన్నారు, పుట్టలో పాలు పోయించారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తే నాకేం అభ్యంతరం లేదు, నేనూ పోస్తాను. కానీ భర్త ఇంట్లో లేని నెలల్ని కూడా ఆ పిల్ల ఖాతాలో రాస్తే ఎలా?

మూడో కార్డు టూ ఆఫ్ కప్స్. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గిన్నెలు అందించుకుంటుంటారు. దాన్ని నేను ‘ప్రేమ, కలయిక, త్వరలో సంతానం’ అని చదవలేదు. ఆ స్థానం సాయం ఎవరిని అడగాలి అన్నది. కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్ళండి అని చదివాను. ‘మీ ఆయన ఈసారి వచ్చినప్పుడు, వచ్చిన మొదటి వారంలోనే ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళండి, నీ ఒక్కదానికే కాదు, ఆయనకీ పరీక్ష చేయించాలి’ అన్నాను. ఆ మాట అత్తగారిని లోపలికి పిలిచి ఆవిడ ముందూ చెప్పాను. ఆవిడ ముఖం ముడుచుకుంది. ముడుచుకోనీయండి.

ఆ తర్వాత ఏమైందని అడక్కండి. పిల్లాడు పుట్టాడంటే ‘కార్డు నిజం’ అంటారు, పుట్టలేదంటే ‘కార్డు అబద్ధం’ అంటారు. ఆ రోజు ఆ రీడింగ్ బాగా జరిగిందా లేదా అన్నదానికి ఆ రెంటితోనూ సంబంధం లేదు.

మగవాళ్ళ పరీక్ష మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం ఒంటరిగానో, ఆడవాళ్ళ కారణంతో కలిసో ఉంటుంది. పైగా మగవాళ్ళకి చేసే మొదటి పరీక్ష అన్నిటికన్నా తేలికైంది, వీర్యపరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. కోత లేదు, సూది లేదు. అయినా మన దగ్గర ఆడపిల్లకి థైరాయిడ్ పరీక్ష, స్కాన్, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ, అన్నీ అయిపోయాక, రెండు లక్షలు ఖర్చయ్యాక, అప్పుడు మగవాణ్ణి బతిమాలతారు. రీడింగ్‌లో ఎంపరర్ వచ్చినా, ఏదో కింగ్ వచ్చినా ‘మీ ఆయన పరీక్ష అయిందా?’ అని నేను తప్పకుండా అడుగుతాను. ఏ కింగూ రాకపోయినా అడుగుతాను.

డాక్టర్ల లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి, కార్డు పట్టుకునే ప్రతివాళ్ళకీ ఇది తెలియాలి. కలిసి ఉంటూ, ఏ జాగ్రత్తా వాడకుండా 12 నెలలు గడిచినా గర్భం రాకపోతే పరీక్షలకి వెళ్ళాలి. ఆడవాళ్ళకి 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. నెలసరి సరిగా రానివాళ్ళు ఇంకా ముందే వెళ్ళొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడుతున్నారు. ఈ హాల్లో ఎంతమంది ఉన్నామో మీరే లెక్కేసుకోండి. కాబట్టి ఇది ఎవరో ఒకరి ఇంటి శాపం కాదు.

ఇక్కడ కార్డు చేసే హాని ఎలా ఉంటుందో చూడండి. సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ అని ఉంది. ఒక కుర్రాడు పార మీద గడ్డం ఆనించి, తీగకి కాసిన నాణేల్ని చూస్తూ నిలబడి ఉంటాడు. ఓపిక కార్డు. 38 ఏళ్ళావిడకి ఆ కార్డు వస్తే ‘ఓపిక పట్టమ్మా, ఏడాది ఆగు’ అన్నారనుకోండి. ఆ వయసులో ఏడాది అంటే చిన్న విషయం కాదు. అండాల సంఖ్యా, నాణ్యతా వయసుతో తగ్గిపోతాయి, మన ఓపిక చూసి ఆగవు. అదే కార్డుని నేను, ‘పార చేతిలో ఉంది కదా, చేను చూసే మనిషిని ఎప్పుడు పిలుస్తారు?’ అని అడగడానికి వాడతాను. ఆగమని చెప్పే అధికారం మనకి ఎవరిచ్చారు?

ఇక భయపెట్టే కార్డులు. త్రీ ఆఫ్ స్వోర్డ్స్‌లో ఎర్రటి గుండెకి మూడు కత్తులు గుచ్చుకుని ఉంటాయి, వెనక వాన. డెత్‌లో నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్ల గుర్రం మీద వస్తుంటుంది. టవర్ మీద పిడుగు. గర్భిణి ఎదురుగా కూర్చున్నప్పుడు ఇవి వచ్చాయనుకోండి. కొందరు ముఖం మాడ్చుకుని ‘జాగ్రత్తగా ఉండమ్మా’ అంటారు. ఆ ‘జాగ్రత్త’ అన్న ముక్క చాలు, ఆ పిల్లకి నెలలపాటు నిద్ర ఉండదు. కడుపు పోతుందని కార్డు చూసి చెప్పడం కన్నా పాపం నాకు తెలిసి ఈ విద్యలో ఇంకోటి లేదు.

ఎందుకంటే, తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి, వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల. ఆవిడ బరువెత్తినందుకూ కాదు, బొప్పాయి ముక్క తిన్నందుకూ కాదు, స్కూటీ ఎక్కినందుకూ కాదు. మీరు ముఖం మాడ్చిన తర్వాత అలా జరిగిందనుకోండి, ‘ఆవిడ ముందే చెప్పింది’ అని మీ పేరు మోగిపోతుంది. ఆ పిల్ల మాత్రం ‘నాకు ముందే తెలిసి కూడా కాపాడుకోలేకపోయాను’ అని జన్మంతా కుమిలిపోతుంది. కార్డు చెప్పేవాళ్ళకి పేరు, ఆవిడకి నేరం.

కడుపు పోయిన తర్వాత వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఫైవ్ ఆఫ్ కప్స్ చాలాసార్లు ఉపయోగపడుతుంది. నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి, ముందు ఒలికిపోయిన మూడు గిన్నెలు, వెనక నిలబడే ఉన్న రెండు. అందరూ ‘ఆ రెండూ చూడు, అవి మిగిలాయిగా’ అని తొందరపెడతారు. నేను పెట్టను. ముందు ఒలికినవాటినే చూడనిస్తాను. ఆ బిడ్డకి పేరు పెట్టుకున్నారా అని అడుగుతాను. మన ఇళ్ళల్లో ఈ దుఃఖానికి పదో రోజు లేదు, పిలుపుల్లేవు, ఓదార్పుకి ఎవరూ రారు. ‘పోన్లే, మళ్ళీ వస్తుంది’ అని ఒక మాట అనేసి వెళ్ళిపోతారు. కార్డు ముందు కూర్చున్న అరగంటైనా ఆ ఏడుపుకి చోటుండాలి.

సన్ కార్డు గురించి సరదాగా ఒక మాట. తెల్ల గుర్రం మీద బట్టల్లేని పసివాడు, చేతిలో ఎర్ర జెండా, గోడ వెనక పొద్దుతిరుగుడు పూలు, పైన పెద్ద సూర్యుడి ముఖం. మన దగ్గర ఇది వచ్చిందంటే ఎవరూ టారో అర్థం అడగరు. ‘అరసవల్లి సామే వచ్చాడు’ అని దండం పెడతారు. ఏడు గుర్రాలకి ఒక్క గుర్రమే ఉందేంటి అని ఒకావిడ నిలదీసింది కూడా. మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని క్యూలో నిలబడ్డవాళ్ళం మనం, ఆ కార్డు చూస్తే ధైర్యం రావడం సహజం. ఆ ధైర్యాన్ని నేను చెడగొట్టను. ‘స్వామికి దండం పెట్టుకో, దారిలోనే డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళు’ అంటాను. గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని, మూడో నెల దాకా ఆపకూడదని ఆ కార్డు వచ్చినప్పుడే చెబుతాను. సంతోషంగా ఉన్నప్పుడు మాట బాగా ఎక్కుతుంది.

నైన్ ఆఫ్ స్వోర్డ్స్ సంగతి చెప్పకుండా వదల్లేను. మంచం మీద లేచి కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్న మనిషి. గోడ నిండా కత్తులు. దుప్పటి మీద గులాబీలు, రాశుల గుర్తులు కుట్టి ఉంటాయి. ఐవీఎఫ్, అంటే ల్యాబ్‌లో పిండం తయారుచేసే చికిత్స, చేయించుకుంటున్నవాళ్ళకి ఈ బొమ్మ చూపించండి, ‘అది నేనే’ అంటారు. పిండాన్ని గర్భాశయంలో పెట్టాక రక్తపరీక్ష చేసేదాకా సుమారు 10 నుంచి 14 రోజులు ఆగాలి. ఆ రోజుల్లో ఫోన్‌లో టారో యాప్ పెట్టుకుని గంటకో కార్డు తీసేవాళ్ళున్నారు. మంచి కార్డు వచ్చేదాకా తీస్తారు, వచ్చాక అది పోతుందేమోనని మళ్ళీ తీస్తారు. ఇందాకటి లెక్క గుర్తుందిగా, అన్నిసార్లు తీస్తే అన్ని రకాల కార్డులూ వస్తాయి. ఆ రెండు వారాలూ కార్డులు ముట్టుకోవద్దని నేను చెప్పేస్తాను, నా దగ్గరికి కూడా రావొద్దంటాను. రాత్రుళ్ళు మరీ తట్టుకోలేకపోతే మనసు బాధకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు చీటీ మీద రాసి డెక్ పెట్టెలోనే పెట్టుకోండి.

ఇంకో చీటీ కూడా పెట్టుకోండి. గర్భం ఉన్నావిడో, నెల తప్పినావిడో మీ ముందు కూర్చుని, పొత్తికడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, రక్తం కనబడుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి అన్నదంటే కార్డులు కలపకండి. పిండం ట్యూబులో పెరుగుతుంటే అలా అవుతుంది, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. 108కి ఫోన్ చేయండి. అర్థం చెప్పడానికి అది సమయం కాదు.

(సభలోంచి ఒకావిడ: పాపా బాబా అని అడిగితే ఏం చెప్పాలండీ? కింగ్ వస్తే బాబు అంటారు కదా?)

ఏమీ చెప్పకూడదు. కింగ్ వచ్చినా, క్వీన్ వచ్చినా, పేజ్ వచ్చినా నోరు విప్పకూడదు. కార్డుకి తెలీదన్నది ఒక కారణం. చట్టం రెండో కారణం. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994 నాటిది. అది డాక్టర్లకీ, స్కానింగ్ సెంటర్లకీ మాత్రమే అనుకుంటారు. కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతామని, మగపిల్లాడు పుట్టేలా చేస్తామని ప్రకటన ఇవ్వడం, అది శాస్త్రీయ పద్ధతైనా కాకపోయినా, నేరమే. మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. వాట్సాప్ స్టేటస్‌లో ‘బేబీ జెండర్ రీడింగ్, 501 రూపాయలు’ అని పెట్టేవాళ్ళు మన చుట్టూనే ఉన్నారు. సరదా అనుకుంటున్నారు. కార్డు చూసి ‘పాప’ అని మీరు సరదాగా అన్న ఒక్క మాటకి ఒక ఇంట్లో ఏం జరగొచ్చో ఆలోచించండి. అడిగినవాళ్ళు ఎందుకు అడుగుతున్నారో మీకు తెలీదు.

(సభలోంచి మరొకరు: పరిహారం అడుగుతారు. తాయెత్తో, రాయో ఇవ్వమంటారు.)

ఇవ్వకండి. 1954 నాటి చట్టం ఒకటి ఉంది, మందులు, మాయ చికిత్సల ప్రకటనల మీద. తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేయకూడదని అందులో ఉంది. ఆ జబ్బుల జాబితాలో ఆడవాళ్ళకి సంతానం కలగకపోవడం కూడా ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, సంతానం కోసం వచ్చినవాళ్ళు అప్పటికే జేబులు ఖాళీ అయి ఉంటారు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఐవీఎఫ్‌కి వెళ్ళినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి మూన్‌స్టోన్ ఉంగరం నాలుగు వేలకి అమ్మడానికి మనసెలా ఒప్పుతుందో నాకర్థం కాదు. ఐవీఎఫ్ సెంటర్లకి 2021 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెళ్ళబోయే సెంటర్‌కి అది ఉందా అని అడిగి చూసుకోమని చెప్పండి, మీరు ఇచ్చే రాయి కన్నా ఆ సలహా విలువైంది.

(ఇంకొకరు: కోడలికి తెలియకుండా ఆవిడ ఫోటో పంపి చూడమంటారు. అది చూడొచ్చా?)

నాకూ వస్తాయి అలాంటివి. ఫోటో, పుట్టిన తేదీ, నక్షత్రం, ఫోన్‌పేలో డబ్బులు కూడా ముందే పంపేస్తారు. నేను చూడను, డబ్బులు అప్పుడే వెనక్కి పంపేస్తాను. ‘ఆ అమ్మాయికి రావాలని ఉంటే తననే రమ్మనండి, రాకపోతే వదిలేయండి’ అని మెసేజ్ పెడతాను. ఒకరిద్దరు కోపగించుకుని నంబరు బ్లాక్ చేశారు. కొందరు అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. వస్తే మళ్ళీ అదే పద్ధతి, తెచ్చినవాళ్ళు బయట వరండాలో, వచ్చినావిడ లోపల. మీ ఇంట్లో వరండా లేకపోతే ఎదురుగా టీ కొట్టైనా ఉంటుంది కదా, అక్కడికి పంపండి.